ఖాళీ మ్యాపుకి పార్టీ రంగులు: గింప్‌ని చాలాకాలం వాడాక

ఎన్నికల ఫలితాలు రాగానే ఖాళీ మ్యాపు తెరిచి ఒక్కో నియోజకవర్గానికీ గెలిచిన పార్టీ రంగు వేయడం నాకు ఎప్పటి నుంచో ఉన్న సరదా. దీనికి నేను వాడేది గింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్. ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. వంద, రెండు వందల స్థానాల మ్యాపుకి ఇది చాలు. 543 లోక్‌సభ స్థానాల మ్యాపు ముందేసుకుంటే మాత్రం ఓపికకు పరీక్షే.

ఖాళీ మ్యాపు ఎలాంటిది దొరికిందన్న దాని మీదే సగం పని ఆధారపడి ఉంటుంది. జేపెగ్ అయితే వదిలేయండి. ఫైల్‌ని కుదించేటప్పుడు గీతల చుట్టూ మామూలుగా కంటికి ఆనని మచ్చలు చేరతాయి, రంగు వేయగానే అన్నీ బయటపడతాయి. పీఎన్‌జీ నయం. బొమ్మని పిక్సెల్స్‌గా కాకుండా గీతలు, ఆకారాలుగా దాచుకునే ఎస్‌వీజీ ఇంకా మేలు. వికీమీడియా కామన్స్ అనే ఉచిత బొమ్మల సైట్‌లో చాలా దేశాల ఖాళీ మ్యాపులు ఎస్‌వీజీలో ఉన్నాయి (లైసెన్స్ చూసుకుని, గీసినవారి పేరు వేయమంటే వేయాలి). గింప్‌లో ఎస్‌వీజీ తెరిచేటప్పుడు బొమ్మ ఎంత వెడల్పు ఉండాలో అడుగుతుంది. 3000 పిక్సెల్స్ ఇచ్చినా ఎక్కువేం కాదు. పెద్దదాన్ని చివర్లో తగ్గించుకోవచ్చు, చిన్నదాన్ని పెంచితే గీతలు అలుక్కుపోతాయి.

అసలు తలనొప్పి, గీతల మధ్య ఖాళీలో రంగు నింపే బకెట్ ఫిల్‌తో. నియోజకవర్గం మధ్యలో ఒక్క క్లిక్కు, రంగు నిండిపోతుంది. జూమ్ చేస్తే గీత పొడవునా సన్నటి తెల్ల అంచు! గీత నునుపుగా కనిపించడం కోసం నలుపుకీ తెలుపుకీ మధ్య బూడిదరంగు పిక్సెల్స్ ఉంటాయి. వాటిని బకెట్ వేరే రంగు కింద లెక్కేసి వదిలేస్తుంది. ఎంత తేడా ఉన్న రంగుల్ని ఒకటిగా లెక్కేయాలో చెప్పే థ్రెషోల్డ్ అనే సెట్టింగ్ పెంచితే అంచు తగ్గుతుంది. మరీ పెంచామా, గండి పడ్డ చెరువులా రంగు పక్క నియోజకవర్గంలోకి పారుతుంది. పైగా ఒక మ్యాపుకి కుదిరిన అంకె ఇంకో మ్యాపుకి కుదరదు.

అందుకే నేను బకెట్‌ని నమ్ముకోను. గీతలున్న లేయర్‌ని (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొరల్లో ఒకటి) పైన పెట్టి, దాని మోడ్‌ని మల్టిప్లైకి మారుస్తాను. అప్పుడు తెలుపు మాయమై గీతలు మాత్రమే కనిపిస్తాయి. కింద రంగుల కోసం వేరే లేయర్. పై లేయర్‌లో ఒకే రంగున్న చోటునంతా ఒక్క క్లిక్కుతో పట్టే ఫజీ సెలెక్ట్‌తో నియోజకవర్గాన్ని ఎంచుకుని, ఆ సెలెక్షన్‌ని ఒకటి రెండు పిక్సెల్స్ గ్రో చేసి (అంటే వెడల్పు చేసి), కింది లేయర్‌కి మారి రంగు నింపుతాను. రంగు గీత కిందికి పోతుంది కాబట్టి తెల్ల అంచు ఉండదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే ఒకే పార్టీ గెలిచిన స్థానాలన్నీ కలిపి ఎంచుకోవచ్చు. రీకౌంటింగ్‌లో ఫలితం తారుమారైనా టెన్షన్ లేదు, గీతల జోలికి పోకుండా రంగు మార్చేయొచ్చు.

ముక్కలుగా ఉన్న స్థానాలతో జాగ్రత్త. పుదుచ్చేరి ఒకటే లోక్‌సభ స్థానం, కానీ మ్యాపులో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అని నాలుగు చోట్ల రంగు పడాలి. యానాం ఎంత చిన్న చుక్కంటే, చాలా మ్యాపుల్లో అది తెల్లగానే మిగిలిపోతుంది.

రంగుల ఎంపికలో గింప్ మనకేమీ సాయం చేయదు. అమెరికాలో రిపబ్లికన్లకు ఎరుపు, డెమొక్రాట్లకు నీలం అనేది 2000 ఎన్నికల తర్వాతే స్థిరపడింది. 1980లో రిపబ్లికన్ అయిన రీగన్ గెలిచిన రాష్ట్రాలను ఎన్‌బీసీ టీవీ నీలంలో చూపించింది. బ్రిటన్‌లో చూస్తే లేబర్‌ది ఎరుపు, కన్జర్వేటివ్‌లది నీలం. కాబట్టి రంగుల వివరం ఒక మూలన వేయకుండా మ్యాపు బయటికి వదలకూడదు. మెజారిటీని బట్టి ఒకే రంగులో లేత, ముదురు ఛాయలు కావాలంటే మ్యాపుల కోసమే చేసిన కలర్‌బ్రూవర్ సైట్ చూడండి. వర్ణాంధత్వం ఉన్నవారికి కూడా తేడా తెలిసే రంగుల వరసలేవో అందులో గుర్తుపెట్టి ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వేసే అలవాటు నాకు దాన్ని చూశాకే పోయింది.

మ్యాపు మీద తెలుగులో పేర్లు రాసుకోవడానికి గింప్ భేషుగ్గా ఉంటుంది. యూనికోడ్ ఫాంట్ వాడితే ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. నేనైతే మండలి, నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్లు వాడతాను.

స్థానాలు రెండు వందలు దాటితే, ఎస్‌వీజీ బొమ్మల కోసమే ఉన్న ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌కి మారడమే మంచిది. ఎస్‌వీజీలో ప్రతి నియోజకవర్గం విడి వస్తువు, క్లిక్ చేసి రంగు ఇస్తే గీత దాకా శుభ్రంగా నిండుతుంది, థ్రెషోల్డ్ గొడవే లేదు. కోడ్ రాయడం వస్తే ఫలితాల పట్టిక నుంచి రంగులన్నీ ఒకేసారి వేయించొచ్చు. కాకపోతే ఫైల్‌లో ఆ ముక్కలకు నియోజకవర్గాల పేర్లు ఉండాలి. ఉత్త నంబర్లే ఉంటే, ఏది ఏ స్థానమో చూసి పేర్లు పెట్టుకునేసరికే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.