మామిడి పల్ప్ యూనిట్ల వాళ్లు జాగ్రత్త: కరెంటు, ఓడ రెండూ ఒకే స్క్రీన్ మీద చూపిస్తామంటే తొందరపడి డబ్బు కట్టకండి

చిత్తూరు, బంగారుపాళెం, దామలచెరువు వైపు పల్ప్ యూనిట్లు నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ మధ్య మన దగ్గరికి ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకుని వస్తున్నారు. ఫ్యాక్టరీలో ఎంత కరెంటు కాలుతోంది, మన కంటైనర్ ఎక్కాల్సిన ఓడ ఎక్కడుంది, అన్నీ ఫోన్‌లోనే లైవ్‌గా కనిపిస్తాయంటారు. తిరుపతిలో ఒక హోటల్లో డెమో చూసి నేను పడిపోయాను. మూడేళ్లకు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు. 3,60,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4,24,800 కట్టాను.

ముందు కరెంటు సంగతి. మాది హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్. డిస్కంతో (కరెంటు ఇచ్చే కంపెనీ) ఒప్పుకున్న కేవీఏ డిమాండ్‌ను, అంటే ఒకేసారి ఎంత లోడు లాగొచ్చో ఆ పరిమితిని, నెలలో కాసేపు దాటినా ఆ నెల బిల్లులో అదనంగా పడుతుంది. సీజన్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడు పంపులు, చిల్లర్, కంప్రెసర్ అన్నీ ఒక్కసారే లేస్తాయి, అప్పుడే దాటుతుంది. దాటబోయే ముందే అలర్ట్ వస్తుందనే ఈ సాఫ్ట్‌వేర్ కొన్నది. వాళ్లు బిగించిన పెట్టె సిమ్ కార్డు మీద నడుస్తుంది. సిగ్నల్ పోతే చివరి రీడింగే స్క్రీన్ మీద అలాగే పచ్చరంగులో నిలబడిపోతుంది. అది పాత అంకె అని ఎక్కడా రాయదు. జూన్ బిల్లు వచ్చాకగానీ మాకు తెలియలేదు. మా ఎలక్ట్రీషియన్ అన్న డిస్కం మీటరు బటన్ నొక్కి ఎండీ (ఆ నెలలో మేం లాగిన అత్యధిక డిమాండ్) చూపించాడు. యాప్‌లో ఉన్నదానికీ దానికీ పొంతనే లేదు. మా నాయన ఇరవై ఏళ్లుగా రోజూ ఉదయం ఆ మీటరు చూసి పుస్తకంలో రాసేవారు. యాప్ వచ్చిందని ఆ పుస్తకం మానిపించింది నేనే.

అసలు దెబ్బ ఓడ దగ్గర తగిలింది. జూలైలో ఒక ఇరవై అడుగుల కంటైనర్, 80 డ్రమ్ముల తోతాపురి పల్ప్, చెన్నై దగ్గరి కాట్టుపల్లి రేవు నుంచి వెళ్లాలి. ఓడ ఇంకా కొలంబో దగ్గరే ఉందని యాప్‌లో కనిపిస్తోంది. రేవులో మా సరుకు పని చూసే క్లియరింగ్ ఏజెంట్ ఫోన్ చేసి, "సార్, కటాఫ్ ముందుకు జరిగింది, ఈ రాత్రికే బండి గేటు లోపలికి పోవాలి" అన్నారు. కటాఫ్ అంటే కంటైనర్ రేవు గేటు లోపలికి చేరాల్సిన ఆఖరి గడువు. నేను స్క్రీన్ చూసి ఇంకా టైముంది అన్నాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. తెల్లారి బండి వెళ్లేసరికి గేటు మూసేశారు. తర్వాతి ఓడ తొమ్మిది రోజులకు దొరికింది. లారీ హాల్టింగ్, కంటైనర్ అద్దె మా మీదే పడ్డాయి. జెడ్డాలో కొనేవాళ్లకు ఎన్నిసార్లు క్షమాపణ చెప్పానో. ఆ వారం టెన్షన్‌తో సరిగా నిద్ర కూడా పోలేదు.

ఎందుకిలా అయిందో తర్వాత అర్థమైంది. 300 గ్రాస్ టన్నులు, ఆపైన ఉండి దేశాల మధ్య తిరిగే ఓడలన్నిటిలో ఏఐఎస్ అనే పరికరం ఉండాలి. ఓడ ఎక్కడుందో అది రేడియోలో చెబుతూ ఉంటుంది. కానీ ఒడ్డు మీది రిసీవర్లకు ఆ రేడియో కొన్ని పదుల మైళ్ల వరకే అందుతుంది. అది దాటితే శాటిలైట్ ద్వారా తీసుకోవాలి, దానికి ఖర్చు వేరు. మాకు అమ్మిన ప్లాన్‌లో శాటిలైట్ లేదు. ఒడ్డు వదిలాక చివరిగా అందిన చోటునే లైవ్ అని చూపిస్తున్నారు. మీటరుదీ ఓడదీ ఒకటే జబ్బు. ఏ అంకె ఎన్ని గంటలకు వచ్చిందో చెప్పకపోవడం.

మానేస్తామంటే ఇంకో గొడవ. మా రీడింగులు ఎక్సెల్‌లో ఇవ్వలేదు, పీడీఎఫ్‌లే ఇచ్చారు. పెట్టె పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంది. మిగిలిన రెండేళ్ల డబ్బు తిరిగి రాదని అగ్రిమెంట్లో చిన్న అక్షరాల్లో ఉంది, తగాదా వస్తే వేరే రాష్ట్రంలోని కోర్టుకు పోవాలని కూడా. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాం. వ్యాపారం కోసం కొన్నది 2019 చట్టం కింద మామూలుగా అక్కడికి రాదని మా వకీలు చెప్పారు. సొంత బతుకుతెరువు కోసం స్వయంగా నడుపుకునేవాళ్లకు మినహాయింపు ఉందట, జీతగాళ్లతో నడిచే యూనిట్‌కు అది కష్టం.

కాబట్టి డెమో చూసి సంతకం పెట్టకండి. డెమోలో తిరిగేది ఎవరిదో పాత లెక్క. మీ సొంత మీటరుకు నెల రోజులు బిగించమని అడగండి, రోజూ డిస్కం మీటరుతో సరిచూడండి. వాళ్లముందే సిమ్ తీసేసి స్క్రీన్ ఏం చూపిస్తుందో చూడండి. ఓడ చుక్క పక్కన చివరి సిగ్నల్ టైము కనిపించాలి. శాటిలైట్ ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. కటాఫ్ మాత్రం ఏ యాప్‌నూ నమ్మకుండా లైనర్‌నో (ఓడ కంపెనీ) ఏజెంట్‌నో అడగండి. మూడేళ్లకు కాదు, మూడు నెలలకు కట్టండి.

మా బిల్లులు, ఆ రోజు స్క్రీన్‌షాట్లు, అగ్రిమెంటు కాపీ అన్నీ దాచి పెట్టాను. కొనాలనుకునేవాళ్లు ఎవరైనా ఫ్యాక్టరీకి వచ్చి చూసుకోవచ్చు. జూన్‌లో కాయ దిగకముందే రండి, కూర్చుని మాట్లాడుకుందాం.