బెత్లెహెమ్ వెళ్తున్నారా? ముందు ఫర్నేసులు, తర్వాతే మిగతావి

న్యూజెర్సీ నుంచి వీకెండ్‌కి ఎక్కడికి వెళ్దామని అడిగితే మనవాళ్లు చెప్పే లిస్టులో పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ పెద్దగా వినపడదు, వినపడినా అది డిసెంబర్‌లో క్రిస్మస్ లైట్ల కోసమే. నన్నడిగితే లైట్లు ఎక్కడైనా చూసుకోవచ్చు, ఆ ఊరు వెళ్లాల్సింది లీహై నదికి దక్షిణపు ఒడ్డున ఆరిపోయి నిలబడి ఉన్న ఐదు బ్లాస్ట్ ఫర్నేసుల (ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలుములు) కోసం. మూతపడిన బెత్లెహెమ్ స్టీల్ అనే ఉక్కు కంపెనీవి అవి. న్యూయార్క్ నుంచి సుమారు 80 మైళ్లు. ప్యాసింజర్ రైలు లేదు, బస్సు ఉంది కానీ నదికి అటూ ఇటూ తిరగాలంటే కారు ఉంటేనే సుఖం.

ఫర్నేసుల పక్కనే హూవర్-మేసన్ ట్రెసిల్ అని ఒక ఎత్తైన రైలు కట్టడం ఉంది. ఖనిజం, సున్నపురాయి, కోక్ (బొగ్గు నుంచి చేసే ఇంధనం) నింపుకున్న బండ్లు దాని మీద నడిచి ఫర్నేసులకు మేత అందించేవి. 2015లో దాన్ని నడక దారిగా మార్చి జనానికి తెరిచారు. టికెట్ లేదు. మెట్లెక్కి పైకి వెళ్లగానే 200 అడుగులు దాటిన ఇనుప గుట్టలు, తుప్పు పట్టిన పైపులు మొహం మీదకి వచ్చినట్టు ఉంటాయి, తల వెనక్కి వాల్చి చూడాల్సిందే. బోర్డులు బాగా రాశారు, ఏ పైపు దేనికో అర్థమవుతుంది: ఫర్నేసు పైనుంచి వచ్చే గ్యాస్‌ని వదిలేయకుండా పట్టుకుని, దాంతోనే ఇంజిన్లు నడిపి, ఆ ఇంజిన్లతో మళ్లీ ఫర్నేసులోకే గాలి ఊదేవారు. మన వైజాగ్‌లో ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం, ఇక్కడ మాత్రం ఏ, బీ, సీ, డీ, ఈ, అంతే.

ఒక్క అసంతృప్తి, ఫర్నేసుల లోపలికి వెళ్లనివ్వరు. కంచె అవతల నుంచే చూడాలి. ఇదే రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ దగ్గరున్న క్యారీ ఫర్నేసుల్లో అయితే టూర్ తీసుకుంటే లోపలిదాకా తీసుకెళ్తారు, యంత్రాల పిచ్చి ఉన్నవాళ్లకి అదే మేలు. కానీ అక్కడ ఊరు ఇలా చుట్టూ అల్లుకుని ఉండదు.

చరిత్ర కొంచెం తెలుసుకుని వెళ్తే మంచిది. ఈ కంపెనీ 1857లో ఇనుప కంపెనీగా మొదలైంది, 1904లో చార్లెస్ ష్వాబ్ చేతుల్లో బెత్లెహెమ్ స్టీల్ కార్పొరేషన్ అయింది (మీ రిటైర్‌మెంట్ అకౌంట్ ఉన్న షేర్ల బ్రోకరేజీ కంపెనీ పెట్టిన ష్వాబ్ కాదు, ఆయన వేరు). హెన్రీ గ్రే కనిపెట్టిన పద్ధతిలో వెడల్పాటి అంచుల దూలాలను 1908 నుంచి ఇక్కడ ఒకే ముక్కగా రోల్ చేశారు. అంతకుముందు ముక్కలు రివెట్లతో కలిపి చేసుకునేవాళ్లు, ఇవి వచ్చాక ఆకాశహర్మ్యాలు కట్టడం సులువైపోయింది. గోల్డెన్ గేట్ బ్రిడ్జి ఉక్కు ఈ కంపెనీదే. రెండో ప్రపంచ యుద్ధంలో దీని షిప్‌యార్డులు వెయ్యికి పైగా ఓడలు కట్టాయి. అలాంటి చోట 1995 నవంబర్‌లో ఉక్కు తయారీ ఆగిపోయింది, 2001లో దివాలా, 2003కల్లా కంపెనీయే లేదు.

పాత కార్మికులు గైడ్లుగా వచ్చే టూర్లు ఉంటాయి, తేదీలు ముందే చూసుకుని వీలైతే అదే తీసుకోండి. మాకు దొరికిన పెద్దాయన గోల్డెన్ గేట్ గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నారు, పెన్షన్ గురించి మాత్రం చాలాసేపు మాట్లాడారు. కంపెనీ మునిగాక దాదాపు 95,000 మంది పెన్షన్ బాధ్యతని ప్రభుత్వ బీమా సంస్థ తీసుకుంది, కానీ రిటైరైనవాళ్ల ఆరోగ్య బీమా పోయింది. ఏ బోర్డు చదివినా ఆ గొంతు వినపడదు.

కంపెనీ హెడ్డాఫీసు మార్టిన్ టవర్ కోసం వెతక్కండి, 2019 మేలో పేల్చేశారు. 21 అంతస్తులు, ప్లస్ గుర్తు ఆకారంలో కట్టారు, ఎందుకంటే అలా అయితే ఎక్కువ మంది ఆఫీసర్లకి హోదాకి గుర్తైన మూల గది దొరుకుతుంది! దిగుమతుల పోటీ, పాత యంత్రాలు, ఇలా పతనానికి కారణాలు చాలానే చెబుతారు గానీ నాకు ఈ మూల గదులే గుర్తుండిపోయాయి.

దగ్గర్లోనే ఒక మ్యూజియం కూడా ఉంది, పేరు నేషనల్ మ్యూజియం ఆఫ్ ఇండస్ట్రియల్ హిస్టరీ. కంపెనీ పాత ఎలక్ట్రిక్ రిపేర్ షాపులో 2016లో తెరిచారు, అమెరికా జాతీయ మ్యూజియంలు నడిపే స్మిత్‌సోనియన్‌తో అనుబంధం ఉంది. భారీ ఆవిరి ఇంజిన్లు, పట్టు మగ్గాలు బాగున్నాయి, ప్రొపేన్ గ్యాలరీ మటుకు తొందరగా దాటేయొచ్చు. ఇది పరిశ్రమలన్నిటి మ్యూజియం. ఉక్కు ఒక్కటే ఆశించి వెళ్తే వెలితిగా ఉంటుంది, పిల్లలుంటే డబ్బులు గిట్టుబాటే.

బసకి వస్తే, 1922 నాటి హిస్టారిక్ హోటల్ బెత్లెహెమ్ ఖరీదైనదే, కానీ ఉత్తరపు ఒడ్డున పాత ఊరి నడిమధ్యలో ఉంటుంది, తలుపు తీస్తే మెయిన్ స్ట్రీట్. ఫ్యాక్టరీ స్థలంలోనే కట్టిన కసీనో హోటల్ కొత్తగా, సౌకర్యంగా ఉంటుంది. ఖనిజం ఎత్తే పాత క్రేన్‌కే కసీనో బోర్డు తగిలించారు, ఫొటోకి బాగుంటుంది గానీ పెద్దాయన మాటలు విన్నాక చూస్తే చివుక్కుమంది. మేం డబ్బు మిగిల్చుకుందామని హైవే పక్క ఒక చైన్ హోటల్లో దిగాం, రాత్రంతా ట్రక్కుల మోత, పొద్దున టిఫిన్‌కి వెళ్లేసరికి బ్రెడ్ తప్ప ఏమీ మిగల్లేదు. ఇంకోసారైతే ఒక్క రాత్రే అయినా పాత ఊళ్లోనే దిగుతాను.

ఆ పాత ఊరు ఉక్కు కన్నా చాలా ముందుది. 1741లో మొరేవియన్ క్రైస్తవులు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) కట్టుకున్నది, వాళ్ల తోళ్ల శుద్ధి శాల, 1762 నాటి నీటి సరఫరా భవనం ఇంకా ఉన్నాయి. శ్మశానంలో గొప్పా బీదా తేడా లేకుండా అందరికీ నేల మీద పరిచిన ఒకే తీరు రాళ్లు. 2024 జులైలో మన ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలోనే దీనికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఫర్నేసులకి ఆ హోదా లేదు. నాకైతే అన్యాయం అనిపించింది.

ఆగస్టులో మ్యూజిక్‌ఫెస్ట్ టైమ్‌లో ఫర్నేసుల ముందే కచేరీలు జరుగుతాయి, రంగు లైట్లు వేస్తారు, సందడి ఇష్టమైతే అప్పుడే వెళ్లండి. కాకపోతే రూమ్ రేట్లు చూసి టెన్షన్ పడకుండా చాలా ముందే బుక్ చేసుకోవాలి. ప్రశాంతంగా బోర్డులు చదువుకుంటూ నడవాలంటే మే లేదా అక్టోబర్ నయం, జనవరిలో మాత్రం వద్దు, ఆ ట్రెసిల్ మీద గాలికి ఎక్కడా చాటు లేదు.