బాగు చేయించిన సెల్ఫ్ మోటర్: నాలుగేళ్ల తర్వాత

మా డీజిల్ కారు సెల్ఫ్ మోటర్‌ను, అంటే తాళం తిప్పగానే ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే మోటరును, విజయవాడ ఆటోనగర్‌లో విప్పించి బాగు చేయించి నాలుగేళ్లు దాటింది. ఆ తర్వాత బండి 58 వేల కిలోమీటర్లు తిరిగింది. అప్పట్లో సర్వీస్ సెంటర్‌లో మొత్తం యూనిట్ మార్చాలన్నారు, 13 వేల పైమాట. నాకు 2,900తో తెమిలింది. పెట్టిన డబ్బుకు పనిచేసిందా అంటే, చేసింది. కాకపోతే ఆటోనగర్ దాకా వెళ్లకముందే నేను 6,500 తగలేశాను.

ఎలాగంటే, పొద్దున్నే బండి బంగారంలా స్టార్టయ్యేది. హైవే మీద గంటసేపు నడిపి, టీకి ఆగి మళ్లీ తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్కటే చప్పుడు. ఐదారుసార్లు తిప్పితే తీసుకునేది. బ్యాటరీకి మూడేళ్లు నిండాయి కదా, దాని పనే అనుకుని కొత్తది వేయించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే టక్.

చప్పుడు సరిగ్గా వింటే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. బ్యాటరీ దిగిపోయినా, టెర్మినళ్లు లూజైనా టకటకటక అని గబగబా కొట్టుకుంటుంది, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారతాయి. లైట్లు తగ్గకుండా ఒక్క టక్ వచ్చి ఊరుకుందంటే సోలినాయిడ్ (మోటరుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు) కదిలింది, మోటరే తిరగలేదు. మోటరు జుయ్యిమని తిరుగుతున్నా ఇంజను కదలకపోతే అనుమానం బెండిక్స్ మీద, అంటే మోటరును ఇంజనుకు తగిలించే పళ్ల చక్రం మీద. చప్పుడే లేకపోతే మోటరు జోలికి పోకముందు ఫ్యూజు, రిలే, క్లచ్ నొక్కితేనే స్టార్టయ్యే బళ్లలో క్లచ్ స్విచ్చు చూసుకోవాలి.

నేను 400 పెట్టి మల్టీమీటర్ కొన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో బాగా గిట్టుబాటైంది అదే. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, మా అబ్బాయిని తాళం తిప్పమన్నాను. మామూలుగా 12.6 వోల్టులున్న బ్యాటరీ, ఆ టక్ వచ్చినప్పుడు కూడా 12 దాటి కిందికి దిగలేదు. సెల్ఫ్ తిరిగితే వందల ఆంపియర్లు లాగాలి, బ్యాటరీ 10 దగ్గరికి పడాలి. అంటే కరెంటు పోవడమే లేదు. సోలినాయిడ్ దాటాక మోటరులోకి వెళ్లే లావు బోల్టు దగ్గర చూస్తే అక్కడ 12 వోల్టులూ ఉన్నాయి. ఇక మిగిలింది లోపలి కార్బన్లే, అంటే మోటరులో తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు. వీల్ పానాతో మోటరు ఒంటి మీద మెల్లగా తట్టగానే తిరిగింది, అనుమానం తీరింది.

విప్పితే కార్బన్లు అరిగి స్ప్రింగు వాటిని నొక్కలేని స్థితిలో ఉన్నాయి. వాటితో పాటు మోటరు ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు మార్పించాను, కార్బన్లు ఆనుకునే రాగి భాగాన్ని, అంటే కమ్యుటేటర్‌ను, లేతు మీద సన్నగా గీయించాను. సోలినాయిడ్‌లో రాగి కాంటాక్టులు కాలి గుంటలు పడ్డాయి, అవీ మార్చారు. కార్బన్లొక్కటే వేస్తే 700తో అయిపోయేది. అలా చేయించుకున్న మా బావ ఏడాదిన్నరలో మళ్లీ వెళ్లాడు.

మూడో ఏడు వానాకాలంలో సెల్ఫ్ నీరసంగా తిరగడం మొదలైంది. రిపేరు బండారం బయటపడిందని టెన్షన్ పడ్డాను. మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కీ, ఇంకోటి ఇంజను ఒంటికీ పెట్టి స్టార్ట్ చేయిస్తే 1.3 వోల్టులు. అర వోల్టు దాటకూడదు. గేర్‌బాక్సు దగ్గర ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టింది. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయింది, ఖర్చు సున్నా. పాపం, మోటరు తప్పేమీ లేదు.

లోటు లేదని కాదు. కొత్త మోటరు కన్నా కొంచెం గరగర ఎక్కువ. బిల్లు ఇవ్వలేదు, మూడు నెలల నోటిమాట గ్యారంటీ తప్ప ఏమీ లేదు.

ఇంతకీ మనం దీన్ని సెల్ఫ్ అనే ఎందుకంటామంటే, హ్యాండిల్ కొట్టే రోజుల్లో తనంతట తానే స్టార్టయ్యే బండి వింత కాబట్టి. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్‌ను 1912లో కాడిలాక్ కార్లకు పెట్టారు. పేరు మాత్రం మన మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ నిలిచిపోయింది.

సిగ్నల్ దగ్గర తానే ఆగి తానే స్టార్టయ్యే బండికైతే నేనిలా చేయించను. రోజుకు పదులసార్లు తిరిగే మోటరది, దానికి కంపెనీ యూనిట్టే నయం. మా బండికి మాత్రం ఈ దసరా లోపు కార్బన్లు ఒకసారి విప్పించి చూడాలి.