ఉప్పు చల్లిన రోడ్ల మీద ట్రాక్టరుకు లానోలిన్ పూత: ఫ్లూయిడ్ ఫిల్మ్ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

తుప్పు పట్టకుండా కొట్టే ఫ్లూయిడ్ ఫిల్మ్ అనే స్ప్రే పూత వేసిన ట్రాక్టరు కొన్నాళ్లపాటు గొర్రెల దొడ్డి వాసన వేస్తుంది. మూసిన షెడ్డులో కొడితే మరీ ఘాటు. గొర్రె ఉన్నికి పట్టి ఉండే జిడ్డును లానోలిన్ అంటారు. ఈ పూతకు మూలసరుకు అదే, వాసనా దానిదే. గొర్రె వానలో తడిసినా నీరు చర్మం దాకా దిగకుండా ఆపేది ఈ జిడ్డే. ఇందులో ఆవిరైపోయే సాల్వెంట్ లేదు కాబట్టి కొట్టాక ఎండి గట్టిపడదు, నెలలు గడిచినా వేలు పెడితే జిడ్డు అంటుతుంది. దీని మంచీ చెడూ అంతా ఈ ఆరకపోవడంలోనే ఉంది.

చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద మామూలు ఉప్పు (సోడియం క్లోరైడ్) ఒక్కటే చల్లరు. సోడియం క్లోరైడ్ ఎంత గాఢంగా కలిపినా మైనస్ 21 డిగ్రీల దగ్గర గడ్డకట్టేస్తుంది. అందుకే చలి ముదిరితే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ వాడతారు. ఇనుముకు అసలు చేటు ఈ రెండిటితోనే. గాలిలో తేమ 75 శాతం దాకా పెరిగితే గానీ మామూలు ఉప్పు చెమ్మగిల్లదు. ఇవి మాత్రం 30-33 శాతం తేమకే గాలిలోంచి నీటిని లాగి కరుగుతాయి. నేల పొడిగా ఉన్న షెడ్డులో కూడా ట్రాక్టరు అడుగు భాగం తడిగానే ఉండటానికి కారణం ఇదే. గడ్డకట్టే చలిలో నత్తనడక నడిచే తుప్పు, హీటరున్న షెడ్డులో పరుగందుకుంటుంది. ఉప్పు బురదతో వచ్చిన బండిని కడగకుండా వెచ్చని చోట పెట్టేకంటే చలిలో వదిలేయడమే నయం.

ఈ పనికి జనం వాడే మిగతావాటి సంగతి. డబ్ల్యూడీ-40 పేరుకు అర్థం నీటిని తోసేసే ద్రవం, నలభయ్యో ఫార్ములా అని. బిగుసుకున్న బోల్టుకు వాడుకోవచ్చు. ఆవిరయ్యేది ఆవిరైపోగా మిగిలే పొర మరీ పలచన, చలికాలమంతా మోయలేదు. రబ్బరైజ్డ్ అండర్‌కోటింగ్, అంటే బండి అడుగుకు వేసే రబ్బరు పూత, నల్లగా, నీటుగా కనిపిస్తుంది గానీ ట్రాక్టరు విషయంలో అది పైన పటారం లోన లొటారం. రాయి తగిలో, ఫ్రేము కదలికలకో ఒకచోట చిట్లుతుంది. ఆ సందులోంచి దూరిన ఉప్పునీరు ఇక బయటికి రాదు, పూత కింద తుప్పు తింటున్న సంగతి స్క్రూడ్రైవరు లోపలికి దిగబడినప్పుడే తెలుస్తుంది. మైనపు పూతలు మంచివే. వాసన ఉండదు, చేతికి అంటవు, ఎక్కువ కాలం నిలుస్తాయి. కానీ వాటికి శుభ్రమైన, పూర్తిగా పొడి ఇనుము కావాలి, పైగా ఆరాక అతుకుల్లోకి పాకవు. కొత్త ట్రాక్టరుకు మైనం, ఇప్పటికే తుప్పు మొదలైన పాతదానికి లానోలిన్ అన్నది మా లెక్క. కాలిన ఇంజనాయిల్ పూసేవాళ్లూ ఉన్నారు. అందులో ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి, రబ్బరును పాడుచేస్తుంది, కారిందంతా నేలలోకి పోతుంది. దాని జోలికి పోవద్దు.

పూత వేయాల్సింది మొదటి ఉప్పు పడకముందే, కాస్త వెచ్చగా ఉన్న రోజున. ముందు అడుగు భాగమంతా కడిగి, ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. పెచ్చులుగా లేచిన తుప్పును వైర్ బ్రష్‌తో, గీకుడు రేకుతో రాల్చాలి. ఇనుము తళతళలాడే దాకా రుద్దక్కర్లేదు. గట్టిగా అంటుకుని ఉన్న తుప్పు పొరలోకి ఈ జిడ్డు మెల్లగా పాకుతుంది. డబ్బాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే ధార సాఫీగా వస్తుంది. మంట మీదా హీటరు మీదా మాత్రం పెట్టకూడదు. 20-30 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టాలి. చిన్న ట్రాక్టరుకు రెండు మూడు స్ప్రే డబ్బాలు సరిపోతాయి. లోడరు (ముందు తొట్టితో బరువులెత్తే అమరిక), క్యాబ్ ఉన్న పెద్ద బండికి డబ్బాలతో తెమలదు. సుమారు 4 లీటర్ల క్యాన్, కంప్రెసరు, చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టం అవసరం. కింద రంగు కనబడుతూ పైన తడిగా మెరిస్తే పూత సరిపోయినట్టే. బొట్లు కారుతున్నాయంటే సరుకు నేలపాలవుతోందని అర్థం.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సినవి కంటికి కనబడని చోట్లు. లోడరు ఫ్రేములో గుల్లగా ఉండే గొట్టాలు, మడ్‌గార్డుల అంచు మడతలు, క్యాబ్ మౌంట్లు, బ్యాటరీ ట్రే, డీజిల్ ట్యాంకు పట్టీలు, త్రీ పాయింట్ లింకేజ్ (వెనక పనిముట్లు తగిలించే అమరిక) పిన్నులు ఈ జాబితాలో వస్తాయి. అన్నిటికంటే మోసం చేసేవి ఇనుప హైడ్రాలిక్ పైపులు. పైపు బయట బాగానే కనిపిస్తుంది, క్లాంపు కింద ఇరుక్కున్న ఉప్పు బురద దాన్ని లోలోపల పలచన చేస్తుంది, బరువెత్తిన రోజున సరిగ్గా అక్కడే పగులుతుంది. క్లాంపు వదులుచేసి, తుడిచి, పూత కొట్టి మళ్లీ బిగించాలి. పైపైన చల్లితే లాభం లేదు. పని అయ్యాక నీరు పోయే రంధ్రాలన్నిట్లో తీగ దూర్చి చూడాలి. అవి పూడితే లోపల నిలిచే నీరు తుప్పు పని ఇంకా సులువు చేస్తుంది.

తగలకూడని చోట్లూ ఉన్నాయి. బ్రేకు డిస్కులు, డ్రమ్ములు, క్లచ్ హౌసింగ్ తనిఖీ రంధ్రం, బెల్టులు, పుల్లీలు వీటిలో మొదటివి. మెట్ల మీద, పెడళ్ల మీద పడితే కాలు జారుతుంది. సైలెన్సరు మీద పడితే పొగ, కంపు. రేడియేటర్ రెక్కలకు అంటితే దుమ్ము పేరుకుని ఇంజను వేడెక్కుతుంది. సహజ రబ్బరును, నూనె తట్టుకోని రబ్బరును ఈ జిడ్డు ఉబ్బిస్తుంది. అందుకే తలుపు రబ్బర్లకు సిలికాన్ వాడాలి. హైడ్రాలిక్ హోసులు, ఆయిల్ సీళ్లు నూనెను తట్టుకునేలా చేసినవే కాబట్టి వాటి గురించి దిగులు అక్కర్లేదు.

కడగడం మాత్రం పూత వేసినా తప్పదు. ఉష్ణోగ్రత సున్నా దాటిన రోజు చూసుకుని, తక్కువ పీడనంతో, ఎక్కువ నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ ముక్కును బేరింగులకు, సీళ్లకు, వైరింగ్ ప్లగ్గులకు దగ్గరగా పెడితే ఉప్పునీటిని మనమే లోపలికి కొట్టినట్టవుతుంది. పచ్చిక తడిపే స్ప్రింక్లరును బండి కింద పెట్టి పది నిమిషాలు వదిలేస్తే, చెయ్యి దూరని చోట్లు కూడా శుభ్రపడతాయి. గ్రీజు వదిలించే సబ్బులు వాడొద్దు, పూత కూడా వాటితోనే పోతుంది. కడిగాక కాస్త తిప్పి, బ్రేకులు నాలుగైదుసార్లు నొక్కి ఆరబెట్టాలి, లేకుంటే రాత్రికి గడ్డకట్టి పట్టేస్తాయి. ఆ వెంటనే ప్రతి గ్రీజు నిపుల్‌కూ గన్ పెట్టి, పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడే దాకా కొట్టాలి. పిన్నుల్లో దాగిన ఉప్పునీటిని ఆ గ్రీజే బయటికి నెడుతుంది.

ఈ డబ్బా ఏం చేయలేని చోట్లు కొన్ని ఉన్నాయి. పట్టు కోసం వెనక టైర్లలో కాల్షియం క్లోరైడ్ నీళ్లు నింపి ఉంటే ఉప్పు లోపలే ఉన్నట్టు. వాల్వ్ చుట్టూ తెల్లటి పొక్కు కనిపించిందంటే అది కారుతోందని, రిమ్ము లోపలి నుంచి తినేస్తోందని గుర్తు. బయటి నుంచి ఎంత పూత కొట్టినా ఆగదు, టైరు విప్పాల్సిందే. హైడ్రాలిక్ సిలిండర్లు రాడ్డు లోపలికి పోయిన స్థితిలోనే బండి నిలపాలి. బయట మిగిలిన రాడ్డును తుడిచి పలచగా గ్రీజు రాయాలి. రాడ్డు మీది క్రోమ్ పూతలో చిన్న గుంట పడినా అది సీలును కోస్తుంది, ఆయిల్ కారడం మొదలవుతుంది. బ్యాటరీ టెర్మినల్స్‌ను వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక బిగించి పైన వాజలీన్ పట్టించాలి. క్యాబ్ మ్యాటు కింద కూడా వారానికోసారి చూడాలి. బూట్ల మంచు కరిగి అక్కడ ఉప్పు మడుగు కడుతుంది, క్యాబ్ నేల కుళ్లేది పైనుంచే.

పూత ఎంతకాలం నిలుస్తుందన్నదానికి చోటును బట్టి జవాబు మారుతుంది. నీటి దెబ్బ తగలని గుల్ల భాగాల్లో ఏడాది ఉంటుంది. చక్రాల వెనక, మడ్‌గార్డుల లోపలివైపు మాత్రం చిమ్మే నీరు, ఇసుక కలిసి దాన్ని కొన్ని వారాల్లోనే గీకేస్తాయి. నడి చలికాలంలో ఒకరోజు అక్కడ వేలితో రుద్ది చూడండి. జిడ్డు అంటకుండా వేలు పొడిగా వస్తే, ఆ భాగాల వరకు ఇంకో డబ్బా ఖర్చవుతుంది.