ఇరవై ఆరు రోజుల జ్వరం, చెన్నైలో నాలుగు రోజులు

నాన్నకు జ్వరం మొదలైన ఇరవై ఆరో రోజున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి చెన్నై సెంట్రల్‌లో దిగాం. మాది నెల్లూరు జిల్లా. మాకు పెద్దాసుపత్రి అంటే ఇప్పటికీ మద్రాసే. బస్సులో రావచ్చు కానీ 2018 నుంచి ఆంధ్రా బస్సులు మాధవరంలో ఆగుతున్నాయి. నడుము పట్టేసిన మనిషిని అక్కడి నుంచి మళ్ళీ ఆటో ఎక్కించడం నావల్ల కాదు. సెంట్రల్‌లో దిగితే అక్కడే మెట్రో ఉంది, బ్లూ లైన్‌లో మూడో స్టేషన్ థౌజండ్ లైట్స్, మేం దిగాల్సింది అక్కడే. లిఫ్టులున్నాయి, కూర్చోవడానికి చోటుంది. ఈ ప్రయాణంలో నాన్న విసుక్కోనిది ఒక్క మెట్రోనే.

జ్వరం తీరు ఇదీ: పొద్దున మామూలుగా ఉంటాడు, దీపాలు పెట్టే వేళకు ఒళ్ళు కాలిపోతుంది, తెల్లవారుజామున చెమటలు పట్టి పంచె, దుప్పటి తడిసిపోతాయి. నడుంనొప్పి. తిండి సయించదు. ఊళ్ళో విడాల్ అనే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. ఏడు రోజులు ఇంజెక్షన్లు చేస్తే తగ్గింది, ఆపిన మూడో రోజుకు మళ్ళీ వచ్చింది. ఇంకో నర్సింగ్ హోంలో మళ్ళీ అదే విడాల్, మళ్ళీ అవే ఇంజెక్షన్లు. ఒక్కసారి చేసిన విడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చకూడదని, ఎప్పుడో వచ్చి పోయిన జ్వరానికి కూడా అది పాజిటివ్ చూపిస్తుందని మాకు తర్వాత తెలిసింది. మూడు వారాలు దాటాక మా పక్కింటివాళ్ళ అమ్మాయి, మెడిసిన్‌లో పీజీ చేస్తోంది, ఫోన్‌లో అంది: "అన్నా, ఇంక ఊళ్ళో తిరగొద్దు. ఇన్ఫెక్షియస్ డిసీజెస్ డాక్టరుకు చూపించండి."

ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చే జబ్బులకే ఒక డాక్టరుంటారని అప్పటిదాకా నాకు తెలియదు. గుండెకు, కిడ్నీకి ఉన్నట్టు జ్వరానికి కూడా స్పెషలిస్టా అనిపించింది. ఎం.డి. తర్వాత ఈ జబ్బుల్లోనే మూడేళ్ళ డి.ఎం. కోర్సు గానీ, రెండేళ్ళ ఎఫ్.ఎన్.బి. కోర్సు గానీ చేసినవాళ్ళను చూసుకోమంది ఆ అమ్మాయి. మైక్రోబయాలజీ డాక్టరు వేరు, వాళ్ళది ల్యాబ్. వేలూరు సి.ఎం.సి.లో ఈ విభాగం ఉంది, మొదట అక్కడికే అనుకున్నాం. కానీ అక్కడికి వెళ్ళొచ్చిన మా బావ వారం రోజులకు సరిపడా బట్టలు సర్దుకోమన్నాడు. కోతలు మీద పడుతున్నాయి. చెన్నై ఖాయం చేశాం.

మొదటి రోజు నా తెలివితక్కువతనం వల్లే వృథా అయింది. ఫోన్ చేయకుండా పేరున్న ఒక పెద్దాసుపత్రికి (గ్రీమ్స్ రోడ్డులోని అపోలో కాదు) నేరుగా వెళ్ళాం. కౌంటర్లో అమ్మాయి "ఫీవరా? జనరల్ మెడిసిన్" అని టోకెన్ ఇచ్చింది. అక్కడి డాక్టరు నాలుగు నిమిషాలు చూసి పొట్ట డాక్టరు దగ్గరికి పంపాడు, ఆయన ఒక టెస్టుల ప్యాకేజీ రాశాడు. పదకొండు వేలు. అన్నీ నార్మల్, ఒక్క లివర్ ఎంజైములే కాస్త ఎక్కువ. సాయంత్రం ఐదున్నరకు అదే అమ్మాయి చల్లగా చెప్పింది, మీరడిగే స్పెషలిస్టు మంగళ, శుక్రవారాల్లోనే ఓపీ చూస్తారట. ఆ రోజు బుధవారం.

ఈ డాక్టర్లు ఎక్కువగా వార్డుల్లో, ఐసీయూల్లో వేరే డాక్టర్లు పిలిస్తే వెళ్ళి చూస్తుంటారు. ఓపీ కొద్ది గంటలే. అందుకే ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని ఐదు చోట్లకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగాను: ఏ రోజు, ఎన్నింటికి? కొత్త పేషెంటును డాక్టరే చూస్తారా, జూనియర్లా? మూడు చోట్ల సరైన జవాబే రాలేదు. ఒకచోట మాత్రం "పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టుకుని రండి, ఏ మందు ఎన్ని రోజులు వాడారో కాగితం మీద రాసుకోండి" అన్నారు. అక్కడికే వెళ్ళాలనిపించింది.

లాడ్జి సంగతి. అరగొండ ప్రతాప్ సి. రెడ్డి గారు 1983లో అపోలో మొదలుపెట్టిన గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల సందులన్నీ ఇప్పుడు రోగుల తోడొచ్చినవాళ్ళ ఊరే. బోర్డులు తమిళంలో కన్నా బెంగాలీలో ఎక్కువ. రెండు గదులు చూశాం. మొదటిదానికి ఏసీ ఉంది, లిఫ్ట్ లేదు, రెండో అంతస్తు. రెండోది రోజుకు పద్నాలుగు వందలు, ఏసీ లేదు, గోడకు చెమ్మ. కానీ కింది అంతస్తు, గదిలోనే గ్యాస్ స్టవ్వు, నాలుగు గిన్నెలు, ఒక కుక్కర్. నేను ఏసీ వైపు మొగ్గాను, అమ్మ కుక్కర్ మూత తీసి రబ్బరు చూసి "ఇదే" అంది. అమ్మదే సరైన లెక్క. చెమటలు పట్టే మనిషికి రాత్రి మూడింటికి వేడి జావ కాచి ఇవ్వగలిగాం. ఏసీ అంత పని చేసేది కాదు. దుప్పట్లు మాత్రం మావి మేం తెచ్చుకోవాల్సింది, వాళ్ళిచ్చినవాటికి సాంబ్రాణి వాసన.

గురువారం పదిన్నరకు డాక్టరమ్మ పిలిచింది. యాభై దాటి ఉంటాయి. "మాదీ తెలుగిల్లే, చదవడం రాదు" అని నవ్వి, రిపోర్టులు పక్కన పెట్టి నాన్నను అడగడం మొదలుపెట్టింది. ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, ఎవరికైనా టీబీ ఉందా, పొలంలో పురుగు కుట్టిందా. ఒంటి మీద నల్ల మచ్చ ఉందేమోనని చంకలు, నడుము, మొలతాడు కిందా వెతికింది. చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరమైతే ఆ మచ్చ అలాంటి చోట్ల దాక్కుంటుందట. టీబీ మాట వినగానే నాన్న ముఖం మాడిపోయింది. తాతగారి తమ్ముణ్ణి తాంబరం శానిటోరియంలో చేర్చారట, ఆ స్టేషన్ పేరు చదివినా ఆయనకు దిగులే. అదే మద్రాసులో 1956లో చేట్‌పట్‌లో మొదలైన టీబీ పరిశోధన కేంద్రమే, శానిటోరియంలో పెట్టకుండా ఇంట్లో ఉంచి మందులిచ్చినా నయమవుతుందని తేల్చింది. అది చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

"పశువులున్నాయా?"

"మూడు బర్రెలు తల్లీ."

"ఏదైనా దూడ వేసిందా?"

"ఒకటి ఏడో నెలలోనే ఈసుకుపోయింది. రెండు నెలలవుతోంది."

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. అబార్షన్ అని నేను చెప్పాను. ఫైలు అంచున దాన్ని తమిళ అక్షరాల్లో రాసుకుంది.

"ఎవరు చూసుకున్నారు?"

"మాయ పడలేదు. నేనే చెయ్యి పెట్టి లాగాను."

"గ్లవ్స్?"

నాన్న నవ్వాడు. పాలు కాచి తాగుతారా అంటే, పొదుగు దగ్గరే లోటాడు గుమ్మపాలు తాగడం చిన్నప్పటి నుంచి అలవాటేనన్నాడు, అదేదో గొప్పలా.

నలభై నిమిషాలు పట్టింది. ఫీజు పన్నెండు వందలు, పదకొండు వేల ప్యాకేజీ గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది. పశువుల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లోసిస్ అయ్యుండొచ్చు అంది. రెండు చేతుల నుంచీ రక్తం కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు, తీయించింది. యాంటీబయాటిక్ ఆపి నాలుగు రోజులైందంటే "అదే మంచిదైంది" అంది. మా ముందే ల్యాబ్‌కు ఫోన్ చేసింది: ఈ క్రిమి మెల్లగా పెరుగుతుంది, బాటిళ్ళు తొందరపడి పారేయొద్దు, పనిచేసేవాళ్ళకూ అంటుకోగలదు, జాగ్రత్త. శుక్రవారం వెన్నెముకకు ఎంఆర్ఐ, అందులో ఏమీ లేదు. ఆ సాయంత్రమే యాంటీబాడీ టెస్టు పాజిటివ్ వచ్చింది. కల్చర్‌లోనూ పెరిగిందని మేం ఊరు చేరాక ఫోన్ వచ్చింది.

మందులు చవకే. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్, ఆరు వారాలు. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుందని మూడుసార్లు చెప్పింది. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దంది. డాక్సీని పాలతో మింగకూడదు, నిండా నీళ్ళతో మింగి అరగంట నడుం వాల్చకూడదు. పాల మాట రాగానే అమ్మ నాన్నవైపు చూసిన చూపు డాక్టరమ్మ కూడా గమనించింది. ఇంట్లో అందరూ రక్తం చూపించుకోవాలని, బర్రెలకూ పరీక్ష చేయించాలని కాగితం రాసిచ్చింది.

తిండి గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. సందు చివర ఆంధ్రా మెస్‌లో పప్పు, కందిపొడి బాగున్నాయి, చారు నీళ్ళ చారు. ఆటోవాళ్ళు యాప్‌లో చూపిన దానికి యాభై ఎక్కువ అడిగారు, ఇచ్చాం.

ఆరు వారాలకు మళ్ళీ వెళ్ళాం. ఈసారి గది తీసుకోలేదు. జ్వరం లేదు, నాలుగు కిలోలు పెరిగాడు. ఆమె ఫైలు తెరిచి, అంచున రాసుకున్న మాటను కూడబలుక్కుని చదివింది: "ఆ ఈసు...కుపోయిన బర్రె ఏమైంది?" నాన్న కుర్చీ ముందుకు జరుపుకుని, పశువుల డాక్టరు వచ్చి రక్తం తీసిన దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. బయట తర్వాతి టోకెన్ పిలుస్తూనే ఉన్నారు.