నాన్నతో విశాఖ: పొడి డబ్బా నుంచి నొప్పి మాత్ర దాకా

నాన్నకి పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిందని తేలాక మా చుట్టాల్లో తలా ఒక వైద్యం చెప్పారు. లక్ష్మణఫలం, గోధుమగడ్డి రసం, గోమూత్రం, నెలలో గడ్డ కరిగించే పొడి. కీమో కోసం పార్వతీపురం నుంచి విశాఖ ఎలాగూ వెళ్తున్నాం కదా అని వాటిలో కొన్ని చూసొచ్చాం.

కీమో అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో. టాటా మెమోరియల్ సెంటర్ కింద నడుస్తుంది. విశాఖ అనగానే జగదాంబ దగ్గర లాడ్జి బుక్ చేసేయకండి. ఇది గాజువాక, కూర్మన్నపాలెం దాటాక అనకాపల్లి దారిలో ఉంది. దువ్వాడలో ఆగే రైలు దొరికితే అక్కడే దిగడం సుఖం. మేం కూర్మన్నపాలెంలో వంట చేసుకునే గది తీసుకున్నాం. రాత్రంతా హైవే మీద లారీల మోత. అయినా వెస్టర్న్ టాయిలెట్, వేడినీళ్లు ఉన్నాయి. పొట్ట మీద స్టోమా బ్యాగ్ (మలం చేరే సంచి) ఉన్న మనిషికి సముద్రం కనిపించే కిటికీ కన్నా అవే ముఖ్యం. పైగా ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించాక కొన్నాళ్లు చల్లటిది తగిలితే వేళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది. స్టీలు గ్లాసుకి తువ్వాలు చుట్టి పట్టుకునేవారు నాన్న.

భీమిలి వైపు ఒక ప్రకృతి చికిత్స కేంద్రానికి వెళ్లాం. కొబ్బరిచెట్లు, శుభ్రమైన గదులు, గాలి. ఖర్చు మాత్రం మాలాంటివాళ్లకి ఎక్కువే. అక్కడి డాక్టరమ్మ రిపోర్టులన్నీ చదివి, "క్యాన్సర్ మేం తగ్గించలేమండి. నిద్రకి, టెన్షన్‌కి ప్రాణాయామం నేర్పుతాం. ఉపవాసాలు, ఎనిమాలు వద్దు, ఇప్పటికే బరువు తగ్గిపోయారు" అన్నారు. అంత సూటిగా చెప్పినందుకే ఆవిడ మీద గురి కుదిరింది. ఆ ప్రాణాయామం నాన్న ఇప్పటికీ చేస్తున్నారు.

పొడి ఇచ్చే చోటు సిటీలోనే. గోడ నిండా నయమైనవాళ్ల ఫొటోలు. నిజానికి క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, మూతకి సెల్లోటేపు, పేరు లేదు, తేదీ లేదు. ఏం కలిపారని అడిగితే "గురువుగారి రహస్యం బాబూ" అన్నాడు. మూడు నెలల డబ్బు ముందే కట్టాలట. కీమో ఆపితేనే పనిచేస్తుందట. అక్కడితో అమ్మ లేచి నిలబడింది. తర్వాత క్యాన్సర్ డాక్టర్‌కి చెబితే, ఇలాంటి పొడుల్లో సీసం, పాదరసం బయటపడ్డాయనీ, ఏది వాడాలన్నా ముందు తనకి చూపించమనీ అన్నారు, కోప్పడకుండా. క్యాన్సర్ తగ్గిస్తాయని కొందరు చెప్పే ఆప్రికాట్ గింజల సంగతీ అడిగాను. అవి ఒంట్లోకెళ్తే సయనైడ్ తయారవుతుంది. వాటి నుంచి తీసే లేట్రిల్ మందుని అమెరికాలో పరీక్షించి, పనిచేయదని 1982లోనే తేల్చారు.

వేరే దారి అంటూ అడగాల్సింది కణితిలోని జన్యు మార్పులు చూసే పరీక్షల గురించి. ఆర్‌ఏఎస్, బీఆర్‌ఏఎఫ్, ఎంఎస్ఐ చేయించారో లేదో కనుక్కోండి. ఎంఎస్ఐ హై వస్తే ఇమ్యునోథెరపీకి, అంటే ఒంటి రోగనిరోధక శక్తి చేతే క్యాన్సర్ మీద పోరాడించే చికిత్సకి, అవకాశం ఉంటుంది. నాన్నకి రాలేదు.

మాకు అసలు ఊరట దొరికింది నొప్పి, బాధలు తగ్గించే పాలియేటివ్ కేర్ ఓపీలో. అక్కడికి పంపితే ఇక వదిలేసినట్టేనని అమ్మ ఏడ్చింది. కాదు, కీమో నడుస్తుండగానే చూస్తారు. నొప్పి పదికి ఎంత అని అడిగి, మార్ఫిన్ మాత్రలు రాసి, బ్యాగ్ చుట్టూ ఒరిసిన చర్మానికి ఏం రాయాలో నర్సమ్మ అమ్మ చేతే చేయించి చూపించింది. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది, దానికిచ్చే మందు మానకూడదు. ఈ మాత్రలు ప్రతి మెడికల్ షాపులో ఉండవు కాబట్టి, ఊరికి బయల్దేరే ముందే వచ్చే విజిట్ దాకా సరిపడా తీసుకుని, చీటీ ఫైల్లో పెట్టుకోండి.