ది జనరల్ బ్లూరే: పాత ఫైర్‌మన్ చూసిన బస్టర్ కీటన్

కాజీపేట స్టీమ్ షెడ్‌లో ఫైర్‌మన్‌గా, అంటే రైలింజన్లో బొగ్గు వేసేవాడిగా చేరాను. తర్వాత డీజిల్, ఆ తర్వాత ఎలక్ట్రిక్. రిటైరయ్యేనాటికి డ్రైవర్ అన్న మా పేరు కూడా పోయి లోకో పైలట్ అయింది. అందుకని సినిమాలో రైలు కనబడితే నా చూపు హీరో మీద ఉండదు, చక్రాల మీద ఉంటుంది. డీజిల్ ఇంజన్ చూపించి స్టీమ్ కూత వినిపిస్తారు. స్టేషన్లో ఒక బోగీ ఎక్కిన హీరోయిన్ ఇంకో బోగీలోంచి చెయ్యూపుతుంది. నేను గొణుగుతుంటే మా ఆవిడ "సప్పుడు జెయ్యక సినిమా సూడు" అంటుంది. ఆమె చెప్పకుండానే నేను నోరు మూసుకుని చూసిన రైలు సినిమా ఒక్కటే, హాలీవుడ్ కమెడియన్ బస్టర్ కీటన్ 1926లో తీసి, తనే హీరోగా వేసిన మూకీ 'ది జనరల్'.

మా అమ్మాయి వాళ్ళు అట్లాంటా దగ్గర ఆల్ఫారెట్టాలో ఉంటారు. పోయినసారి వెళ్ళినప్పుడు అల్లుడు నన్ను కెన్నసాలోని మ్యూజియానికి తీసుకెళ్ళాడు. 'జనరల్' అనే అసలు ఇంజన్ అక్కడే ఉంది. 1855లో తయారైంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1862 ఏప్రిల్ 12న, బండి ఆగి జనమంతా టిఫిన్‌కు దిగినప్పుడు ఉత్తరాది గూఢచారులు ఈ ఇంజన్ను ఎత్తుకుపోయారు. ఆ బండి కండక్టరు ముందు కాలినడకన, తర్వాత ట్రాలీ మీద, ఆ తర్వాత దొరికిన ఇంజన్ల మీద దాదాపు 140 కిలోమీటర్లు వెంటపడి, చివరికి దాన్ని వదిలి పారిపోయేలా చేశాడు. మన గార్డు ఎవరైనా ఈ పని చేసి ఉంటే ముందు ఛార్జిషీటు ఇచ్చి తర్వాత మెడల్ ఇచ్చేవాళ్ళు.

ఆ కథనే కీటన్ కామెడీగా తీశాడని అల్లుడు చెప్పాడు. ఆ రాత్రే అమ్మాయి డిస్క్ ఆర్డర్ పెట్టింది. కోహెన్ అనే కంపెనీ వాళ్ళు 2019లో తెచ్చిన సెట్ ఇది, ఇందులో కీటన్‌దే ఇంకో సినిమా 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' కూడా ఉంది. కొనేవాళ్ళు ఒక సంగతి చూసుకోండి. బ్లూరేలకు రీజియన్ ఉంటుంది. అమెరికాది ఎ, మనది సి. హనుమకొండకు తెచ్చి పెడితే నా ప్లేయర్ దీన్ని ముట్టుకోలేదు. అన్ని డిస్కులూ ఆడతాయని ప్లేయర్ అమ్మిన షాపతను చెప్పాడు. వెళ్ళి అడిగితే "ఇక్కడి డిస్కులన్నీ ఆడతాయన్నాను సార్" అన్నాడు. చివరికి అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ అల్లుడే పంపించాడు. డిస్క్ ఖరీదు కంటే దాన్ని ఆడించే ఖర్చే ఎక్కువైంది.

ఈ సినిమాకు అమెరికాలో కాపీరైట్ లేదు. ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది. నేనూ ముందు అలాగే ఫోన్లో కాస్త చూశాను. బొమ్మ అంతా బూడిద, పొగ ఏదో ఆవిరి ఏదో తెలియదు, వెనక ఎవరో ఇష్టం వచ్చినట్టు పియానో వాయించేశారు. డిస్క్‌లో పట్టాల జాయింట్లు కనిపిస్తాయి, ఇంజన్ ఒంటి మీద జిడ్డు మెరుస్తుంది. కార్ల్ డేవిస్ ఆర్కెస్ట్రా సంగీతం బండి వేగాన్ని పట్టుకుని నడుస్తుంది. ఎక్స్‌ట్రాలు మాత్రం చిన్న చిన్నవి, వాటి కోసమైతే కొననక్కర్లేదు.

సినిమాకొస్తే, మొదటి పావుగంటలోనే నన్ను పడగొట్టిన సీను ఒకటుంది. కీటన్ వేసిన డ్రైవర్ జానీని సైన్యంలో చేర్చుకోరు, దాంతో ప్రేమించిన పిల్ల మాట్లాడనంటుంది. అతను దిగాలుగా పోయి ఇంజన్ పక్కన సైడ్ రాడ్ మీద కూర్చుంటాడు. సైడ్ రాడ్ అంటే పెద్ద చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే ఇనుప దూలం. ఇంజన్ మెల్లగా కదులుతుంది. రాడ్డుతో పాటు అతనూ పైకి, కిందికి, మళ్ళీ పైకి. షెడ్ నోట్లోకి పోయే ముందు గానీ తెలుసుకోడు. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం చెమట పట్టింది.

స్టీమ్ ఇంజన్ నిలబడ్డచోటి నుంచి బయల్దేరేటప్పుడు రెగ్యులేటర్ (ఆవిరిని వదిలే పిడి) ఒక వెంట్రుకవాసి ఎక్కువ తెరిస్తే చాలు, చక్రం పట్టు తప్పి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మేం స్లిప్పింగ్ అనేవాళ్ళం. అప్పుడు ఆ రాడ్డు మీద మనిషి ఉంటే ఎముకలు ఏరుకోవాల్సిందే. కీటన్ డూప్‌ను పెట్టుకోలేదు. తను కూర్చుని, లోపలున్న డ్రైవర్ చెయ్యిని నమ్మాడు. మొహంలో మాత్రం పిల్ల కాదన్న దిగులు తప్ప ఇంకేమీ లేదు. ఈయన ఎప్పుడూ నవ్వడు, రాతిముఖం అని పేరు. అది నటనలో లోటు అనుకునేవాణ్ణి. ఇంజన్ మీద పనిచేసేవాడి మొహం అలాగే ఉంటుందని ఈ సీను చూశాక గుర్తొచ్చింది.

స్లిప్పింగ్ మీద ఇంకో సీను. చక్రాలు ఊరికే తిరుగుతుంటే జానీ దిగి పట్టాల మీద మట్టి పోస్తాడు. పట్టు దొరకగానే ఇంజన్ అతన్ని వదిలేసి పోతుంది. ఇది నాకు జరిగింది! వానాకాలం, ఎత్తు మీద గూడ్స్ బండి, ఇంజన్లో ఇసుక పైపు మూసుకుపోయింది. "దిగి పోయ్ రా" అన్నాడు మా డ్రైవర్ సాబ్. దోసిళ్ళతో ఇసుక పోస్తూ ముందు నడుస్తున్నాను. ఉన్నట్టుండి బండి పట్టుకుంది. "ఎక్కు, ఎక్కు" అని అరుస్తున్నాడు గానీ ఆపడు, ఆపితే మళ్ళీ కదలదని ఆయన భయం. పరిగెత్తి హ్యాండిల్ పట్టుకునేసరికి ఒక చెప్పు లేదు.

పట్టాలకు అడ్డంగా వేసిన దుంగల సీను గురించి చాలామంది రాశారు. అతను ఇంజన్ ముందు భాగంలో ఒక దుంగను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఎదురుగా ఇంకోటి. చేతిలోది దాని కొస మీదకు విసిరితే రెండూ ఎగిరి పక్కకు పోతాయి. గురి తప్పితే ఇంజన్ పట్టాలు దిగినట్టే. అది మన పట్టాల కింద వేసే సాల్ కర్ర స్లీపర్ అంత బరువుండదనే అనుకుంటాను, దాన్ని లేపడానికి మాకు నలుగురు కావాలి. అయినా కదిలే ఇంజన్ ముందు కూర్చుని అంత సరిగ్గా విసరడం తమాషా కాదు. కెమెరాను దూరంగా పెట్టి ఇంజన్, దుంగ, మనిషి ముగ్గురినీ ఒకే ఫ్రేములో చూపిస్తాడు. కీటన్ డైరెక్షన్ అంతా ఇదే పద్ధతి. దగ్గరికి పోయి ముక్కలు చేస్తే మోసం చెయ్యొచ్చు, ఆయన చెయ్యడు. క్లైడ్ బ్రక్‌మన్ పేరు కూడా డైరెక్టర్‌గా ఉంది గానీ ఇంజన్తో ఇంత చనువు కీటన్‌దే.

కథ మా వాళ్ళ భాషలో చెప్పాలంటే అప్ అండ్ డౌన్. మొదటి సగం ఉత్తరానికి వెంటపడటం, రెండో సగం ఇంజన్ను తెచ్చుకుని వెనక్కి రావడం. అప్‌లో శత్రువులు ఇతనికి పెట్టిన అడ్డంకులన్నీ డౌన్‌లో ఇతను వాళ్ళకు పెడతాడు. ఒకటే లైను, పక్కకు తప్పుకునే వీలు లేదు, కాబట్టి ప్రతిదాన్నీ ఎదుర్కోవాలి. లైనే స్క్రీన్‌ప్లే రాసినట్టుంటుంది.

తిరుగు ప్రయాణంలో జానీ ప్రేమించిన పిల్ల కూడా ఫుట్‌ప్లేట్ మీద, అంటే ఇంజన్లో డ్రైవర్ నిలబడేచోట ఉంటుంది. వెనక శత్రువు, ఇక్కడ ఫైర్‌బాక్స్‌కు కట్టెలు కావాలి. ఆమె చీపురు తీసి క్యాబ్ ఊడుస్తుంది. కట్టెకు బొక్క ఉందని బయట పారేస్తుంది. అతను విసుగొచ్చి చిన్న పుల్ల ఇస్తే, దాన్నీ శ్రద్ధగా మంటలో వేస్తుంది. పీక పట్టుకోబోయి ముద్దు పెడతాడు. మా ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఈ సినిమాకు అవసరమూ లేదు. ఆమె ఆ పిల్ల పక్షాన మాట్లాడింది: "చెత్త కనపడ్డది, ఊడ్చింది. తప్పేంది?"

తప్పు పట్టాల్సింది వేరే ఉంది. అసలు కథలో ఇంజన్ ఎత్తుకుపోయినవాళ్ళు బానిసత్వానికి ఎదురు నిలిచిన పక్షం. కీటన్ దక్షిణాది వాణ్ణి హీరో చేశాడు, ఓడినవాళ్ళను విలన్లుగా చూపిస్తే జనం ఒప్పుకోరని ఆయన లెక్క. బానిసత్వం ఊసే సినిమాలో లేదు. రైలు మీదే కళ్ళు పెట్టి చూస్తే ఇది మర్చిపోతాం, నేనూ మర్చిపోయాను. మా అమ్మాయి దీని గురించి అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

షూటింగ్ ఒరెగాన్‌లోని కాటేజ్ గ్రోవ్‌లో జరిగింది. రెండు వైపుల సైనికులూ ఒరెగాన్ నేషనల్ గార్డ్ వాళ్ళే, యూనిఫాం మార్చుకుని రెండు సైన్యాలూ అయ్యారు. 1926 జూలైలో, వేల మంది జనం చూస్తుండగా, కాలుతున్న వంతెన మీదికి నిజమైన ఇంజన్ను (మ్యూజియంలోది కాదు, వేరేది) నడిపి నదిలో కూల్చారు. ఒకటే టేకు. ఆ ఒక్క షాటుకు 42,000 డాలర్లు. సైలెంట్ సినిమాల కాలంలో అంత ఖర్చు ఏ షాటుకూ కాలేదంటారు. విడుదలైనప్పుడు విమర్శకులు పెదవి విరిచారు, డబ్బులూ రాలేదు. ఇంజన్ మాత్రం రెండో ప్రపంచయుద్ధంలో తుక్కు కోసం తీసేదాకా ఆ నీళ్ళలోనే పడి ఉంది.

ఈ షాటు మూడుసార్లు చూశాను, మూడుసార్లూ మధ్యలో చూపు తిప్పుకున్నాను. స్టీమ్ పోయిన రోజుల్లో షెడ్ వెనక లైన్లో కండెమ్ చేసిన ఇంజన్లు వరుసగా నిలబెట్టారు. నేను బొగ్గు వేసిన డబ్ల్యూజీ, అంటే గూడ్స్ బండ్లు లాగే స్టీమ్ ఇంజన్, ఒకటి వాటిలో ఉంది. గ్యాస్ కటింగ్ వాళ్ళు ముందు చిమ్నీ కోశారు.

స్టీమ్‌బోట్ బిల్ గురించి ఇంకోసారి రాస్తాను. తుఫానులో ఇంటి ముందుగోడ మొత్తం కీటన్ మీద పడుతుంది, సరిగ్గా కిటికీ సందులో అతను నిలబడి ఉంటాడు. అది కూడా డూప్ లేకుండానే. మా మనవడు వీడియో కాల్‌లో దాన్ని ఆరుసార్లు వేయించుకుని, ఏడోసారి గోడ పడకముందే "తాతా, జరగమను" అన్నాడు.